మైదానం మనది, తాళం వాళ్లది

1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సేన డేరాలు వేసిన చోటు కాబట్టి హైదరాబాద్‌లోని ఆ నేలను ఫతే మైదాన్, అంటే గెలుపు మైదానం, అన్నారట. 1967లో దాన్ని లాల్ బహదూర్ స్టేడియం చేశారు. పేరు మారింది గానీ డేరాలు పోలేదు. 2004లో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం, 2009లో ప్రమాణ స్వీకారం, 2023లోనూ అదే. మధ్యమధ్యలో ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు. ఆటగాళ్లదేముంది, షామియానా గుంజల మధ్య పరిగెత్తితే హర్డిల్స్ ప్రాక్టీసు ఉచితం!

మా పేట మైదానానికి ఆ స్థాయి లేదు. మాకు పునరభివృద్ధి వచ్చింది. గేటుకు పెద్ద బోర్డు కట్టారు: ‘ప్రజలకూ, ప్రొఫెషనల్ క్లబ్బుకూ సమానంగా!’ సమానమంటే, తెల్లవారుజామున అయిదు నుంచి ఆరు దాకా ప్రజలు, ఆ తర్వాత క్లబ్బు. నడక మాత్రమే. పరిగెడితే వాచ్‌మన్ ఈల. కృత్రిమ పచ్చిక కదా, అరిగిపోతుందట!

‘పిల్లలు బడి నుంచి వచ్చేది సాయంత్రం నాలుగింటికి కదయ్యా’ అన్నాను. కౌంటర్లో కుర్రాడు మాట్లాడకుండా రేట్ల అట్ట నా వైపు తిప్పాడు. గంటకు ఇంత, లైట్లు వేస్తే అంత, ఆపైన జీఎస్టీ. మట్టి నేలగా ఉన్నప్పుడు దుమ్ము ఒక్కటే ఉచితమనుకునేవాణ్ని, పాపం ఆటా ఉచితమే.

పిల్లలు నాకంటే నయం. కొత్త గోడకు బయటివైపు బొగ్గుతో మూడు వికెట్లు గీసుకున్నారు. బంతి గోడ దాటి లోపల పడితే ఔటు. తెచ్చుకోవాలంటే టికెట్టు.