పాలిస్టర్ జెండా కింద లోటు లెక్కలు

2022 ఆగస్టులో సూరత్‌కి జెండాల పండగ వచ్చింది. అంతకు ముందు 2021 డిసెంబరు 30న కేంద్రం జెండా నియమావళిని సవరించి, చేత్తో వడికి నేసిన గుడ్డతోపాటు మెషీన్ మీద తయారైన పాలిస్టర్ కూడా చెల్లుతుందని చెప్పింది. ఆ తర్వాత ‘హర్ ఘర్ తిరంగా’ పిలుపు రావడంతో సూరత్ మిల్లుల మీద ఆర్డర్లు వచ్చిపడ్డాయి. చీరల మీద పూలు, లతలు అద్దే యంత్రాలు కొన్నాళ్లు అశోకచక్రాలు అద్దాయి.

ఆ జెండాను ఫోనులో డీపీగా పెట్టుకుని, దాని కిందే ‘విదేశీ సరుకు కొనేవాడు దేశద్రోహి’ అని రాసుకున్న పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఈయన్ని లోటు మేధావి అందాం. ఎగుమతి అంటే గెలుపు, దిగుమతి అంటే ఓటమి, రెంటి మధ్య తేడా వాణిజ్య లోటు, లోటు ఎంతుంటే దేశాన్ని ఎవరో అంత దోచుకుపోయినట్టు. ఆయనగారి అర్థశాస్త్రం ఇంతటితో సమాప్తం.

ఈ మేధావిని ఒక్కసారి సూరత్ పక్కన పాండేసర పారిశ్రామికవాడకి పంపాలి. రంగుల మిల్లులకు పేరుపడ్డ చోటు అది. మగ్గాల నుంచి రంగు వేయని కోరా గుడ్డ తాన్లు తాన్లుగా వస్తుంది. దాన్ని శుభ్రంగా ఉతికి, జెట్ మెషీన్‌లో వేసి, ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల వేడినీళ్లలో రంగు ఎక్కిస్తారు. పాలిస్టర్ మొండిది, అంత కాక తగలనిదే రంగు పట్టదు. తర్వాత ప్రింటింగ్, ఆ తర్వాత స్టెంటర్ మీద సాగదీసి వేడితో కొలత నిలబెట్టడం. మడతపెట్టిన తాను టెంపోల్లో రింగ్‌రోడ్డు మార్కెట్‌కి పోతుంది. అక్కణ్నుంచి పండగ సీజన్‌కి విజయవాడకీ, హైదరాబాద్‌కీ చీరై వస్తుంది.

ఇందులో స్వదేశీ ఎంత? పాలిస్టర్ దారానికి మూలం ముడి చమురు. మన దేశానికి కావలసిన ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి నుంచే వస్తుంది. బాయిలర్లలో మండే బొగ్గులో ఇండోనేషియా వాటా గట్టిదే. వాటర్‌జెట్ మగ్గాలు, ఎంబ్రాయిడరీ మెషీన్లు చాలావరకు చైనా నుంచి దిగినవి. మేధావి సిద్ధాంతం ప్రకారం ఇవన్నీ ఆపేస్తే దేశం బాగుపడాలి. ఇండోనేషియా ఒకసారి ఆ ఉపకారం అడక్కుండానే చేసింది. 2022 జనవరిలో తన అవసరాలకు చాలడం లేదని బొగ్గు ఎగుమతులు నిలిపేసింది. దిగుమతి తగ్గిందని పాండేసరలో ఎవరూ మిఠాయిలు పంచలేదు.

అదే ఊళ్లో వజ్రాలు ఇంకో కథ. ఒకప్పుడు కృష్ణా తీరాన కొల్లూరులో వజ్రాలు తవ్వి గోల్కొండ పేరున ప్రపంచానికి అమ్మారు. ఇప్పుడు దేశంలో చెప్పుకోదగ్గ గని మధ్యప్రదేశ్‌లోని పన్నా ఒక్కటే. అయినా ప్రపంచంలోని వజ్రాల్లో అత్యధిక భాగం సానపట్టేది సూరత్‌లోనే. అంటే ముడిరాయి దాదాపు మొత్తం దిగుమతే. 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్‌కి రాయి రాకుండా ఆపితే, ఎగుమతి చేయడానికి ఆ భవనంలో ఏసీ గాలి తప్ప ఏమీ మిగలదు. మన హైదరాబాద్ మందుల కంపెనీల సంగతీ అంతే, అమెరికా వెళ్లే మాత్రలో చైనా ముడిసరుకు ఉంటుంది.

అయినా మేధావి ఊరుకోడు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు, మరో 19 మంది జవాన్లు అమరులయ్యారు. దేశం కన్నీరు నిజం. ఆ కన్నీటి మీద లేచిన ‘చైనా సరుకు బహిష్కరణ’ ఏమైందో లెక్కలు చెబుతాయి. 2020-21లో చైనా నుంచి మన దిగుమతులు సుమారు 6,500 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదే అవి దాదాపు 9,500 కోట్లకు ఎగబాకాయి. 2024-25 వచ్చేసరికి 11,300 కోట్లు దాటాయి. మనం అక్కడికి అమ్మింది సుమారు 1,400 కోట్లు. టీవీలు పగలగొట్టిన వీడియోలు ఎన్ని లక్షల మంది చూశారో గానీ, చూసిన ఫోన్లు ఎక్కడివో ఎవరూ అడగలేదు.

చైనాతో ప్రమాదం లేదని కాదు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల మీద ఆంక్షలు పెడితే మన వాహన కంపెనీలకు ముచ్చెమటలు పట్టాయి. వాటి విలువ మొత్తం లోటులో ఆవగింజంత. భయపడాల్సింది లోటు అంకెకు కాదు, ఒక్కడి గుమ్మం ముందే చెయ్యి చాచాల్సి రావడానికి. ఈ తేడా మేధావికి ఎక్కదు, ఎందుకంటే ఆవగింజ హెడ్‌లైన్‌కి సరిపోదు.

ఆయనకు సముద్రం అవతల ఒక పెద్దన్న ఉన్నాడు. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశాలవారీగా సుంకాల బోర్డు ఎత్తి చూపించాడు. లెక్క ఎలా కట్టారు? ఆ దేశంతో అమెరికా లోటును, ఆ దేశం నుంచి చేసుకున్న దిగుమతితో భాగించి, సగం చేశారు. 2024లో మనతో వాళ్ల లోటు సుమారు 4,570 కోట్ల డాలర్లు, మన నుంచి దిగుమతి 8,740 కోట్లు. భాగిస్తే 52, సగం 26. మన నెత్తిన పడ్డది 26 శాతమే. ఎనిమిదో తరగతి పిల్లాడు చేసే లెక్కతో ప్రపంచ వాణిజ్యాన్ని తిరగరాశారు. ఆగస్టు 27 నాటికి, రష్యా చమురు కొన్నందుకు జరిమానాతో కలిపి, సుంకం 50 శాతానికి చేరింది. అప్పటిదాకా సూరత్ వజ్రాలకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే మరి.

అప్పుడు మన లోటు మేధావి మండిపడ్డాడు. ‘ఇదేం అన్యాయం? మన సరుకు బాగుంది కాబట్టి వాళ్లు కొన్నారు, అది దోపిడీ ఎలా అవుతుంది?’ అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడు! అదే నోటితో చైనా పేరెత్తగానే మళ్లీ దోపిడీ అంటాడు. ఇద్దరిదీ ఒకటే పాఠ్యపుస్తకం, అట్ట మీద బొమ్మే వేరు.

పాండేసరలో మగ్గం నడిపే కార్మికుడి జీతం రోజు చూస్తే విషయం తేలిపోతుంది. సేఠ్‌తో అతనికి ఎప్పుడూ మిగులే, అతను సేఠ్ దగ్గర ఏమీ కొనడు. కిరాణా కొట్టుతో, గది యజమానితో, మెస్‌తో ఎప్పుడూ లోటే, వాళ్లెవరూ అతని దగ్గర ఏమీ కొనరు. కిరాణా కొట్టువాడు దోచుకుంటున్నాడని అతను ఉప్పు, పప్పు మానేయడు. నెలాఖరుకి అప్పు మిగిలిందా, ఆ అప్పు దేనికి చేశాడన్నదే అతని బెంగ.

లోటు పిచ్చి దేశాల మధ్యే ఆగలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కోటికి పైగా బతుకమ్మ చీరలు పంచాలనుకుంది. అన్ని చీరలు గడువులోగా నేయడం సిరిసిల్ల సాంచెల (మరమగ్గాల) వల్ల కాక, కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. నాసిరకం సూరత్ చీరలిచ్చారని కొన్నిచోట్ల ఆడవాళ్లు నడిరోడ్డు మీద తగలబెట్టారు. నాణ్యత మీద కోపం న్యాయమే. కానీ ‘సూరత్‌వి’ అన్నదే నేరమన్నట్టు మాట్లాడిన నాయకులకు ఒక సంగతి గుర్తులేదు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వలసపోయిన పద్మశాలీలు లింబాయత్, పాండేసర బస్తీల్లో వేలల్లో ఉన్నారు. సూరత్ మగ్గాలు నడిపేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఏ చీర ఎవరి చేతిదో మంటకేం తెలుసు?

ఇక అసలు ఖాతా. 2024-25లో మన సరుకుల ఎగుమతి సుమారు 43,700 కోట్ల డాలర్లు, దిగుమతి 72,000 కోట్లు. లోటు 28,300 కోట్లు. మేధావి ఇక్కడే పేజీ మూసేసి గుండెలు బాదుకుంటాడు. పేజీ తిప్పితే హైదరాబాద్, బెంగళూరు ఐటీ వంటి సేవల్లో మిగులు సుమారు 18,800 కోట్లు కనబడుతుంది. దుబాయి కూలి నుంచి డల్లాస్ ఇంజినీరు దాకా ఇంటికి పంపిన డబ్బు మరో 13,500 కోట్లు. విదేశాలకు కట్టిన వడ్డీలు, లాభాలు పోగా చివరికి తేలిన కరెంట్ ఖాతా లోటు 2,300 కోట్ల డాలర్లు, జీడీపీలో 0.6 శాతం. రోడ్లు, ఫ్యాక్టరీలు కట్టుకుంటున్న దేశానికి ఇది జ్వరం కాదు.

జ్వరం ఎలా ఉంటుందో 1991 చూపించింది. విదేశీ మారకం మూడు వారాల దిగుమతులకు కూడా చాలని స్థితి. ఆ జూలైలో, పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్‌కి పంపి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ గండం చమురు ధరల నుంచి, గడువు ముంచుకొచ్చిన అప్పుల నుంచి పుట్టింది. యంత్రాల దిగుమతి నుంచి కాదు.

బంగారం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2024-25లో దేశం దిగుమతి చేసుకున్న బంగారం విలువ సుమారు 5,800 కోట్ల డాలర్లు, చైనాతో ఉన్న లోటులో సగానికి పైగా. నగలై తిరిగి బయటికి వెళ్లేది కొంతే. బొగ్గు బాయిలర్‌ని మరిగిస్తుంది, మగ్గం గుడ్డ నేస్తుంది, ముడిరాయి వజ్రమై తిరిగి వెళుతుంది. బీరువాలో బంగారం ఏం నేస్తుంది? అయినా అక్షయ తృతీయ నాడు నగల దుకాణం ముందు వరసలో, జెండా డీపీ ఉన్న ఫోను పట్టుకుని నిలబడేది మన మేధావే.

కేంద్ర వాణిజ్య శాఖ ప్రతి నెలా మధ్యలో ఎగుమతి, దిగుమతుల పట్టిక విడుదల చేస్తుంది. ఈసారి ఆయన వాట్సాప్ సందేశం వస్తే ఆ పట్టిక తీసి పంపండి. దిగుమతుల్ని తిట్టాలని అంత ముచ్చటగా ఉంటే, బంగారం వరస దగ్గర మొదలుపెట్టమనండి.