కాగితాలడక్కండి, విభూతి పుచ్చుకోండి

పుట్టపర్తి బాబా శతజయంతికి వంద రూపాయల నాణెం వచ్చింది, తపాలా బిళ్ళలు వచ్చాయి, ప్రధాని వచ్చారు. ఇక జీవితచరిత్రలకు కొదవేముంటుంది? వాటిని పాత్రికేయుల చేత రాయించుకోవడం ఇప్పటి మోజు. జీవితమంతా మంత్రులను నిలదీసిన కలం ఆశ్రమం గేటు దగ్గర చెప్పులతో పాటు బయటే ఉండిపోతుంది. గురువు చరిత్ర రాయాలంటే ఊరివాళ్ళతో మాట్లాడిన నోటు పుస్తకాలు కావాలి, టేపులు కావాలి, బడి రిజిస్టర్లు, భూమి దస్తావేజులు, ఎఫ్‌ఐఆర్‌లు, ట్రస్టు లెక్కలు, అలిగి వెళ్ళిపోయిన శిష్యుల ఉత్తరాలు కావాలి. పుస్తకం ఎంత లావున్నా దాని విలువ ఈ కాగితాల కట్టకు మించదు. మన ఆశ్రమ సాహిత్యంలో ఆ కట్ట ఉండవలసిన చోట పాదాభివందనం ఉంటుంది.

పుట్టపర్తి బాబాకు మొదటి అధికారిక చరిత్ర రాసిన కస్తూరిగారు కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పినవారు, కన్నడంలో పేరున్న హాస్య రచయిత కూడా. ఆధారమంటే ఏమిటో తెలిసినవాడికి, నవ్వంటే ఏమిటో తెలిసినవాడికి ఆ పని దక్కింది. అయినా పుస్తకంలో బిడ్డ పుట్టకముందే తంబురా తనంతట తాను మోగుతుంది, పుట్టాక పక్క కింద పాము కదులుతుంది. చూసిందెవరు, ఎవరితో ఎప్పుడు చెప్పారు, అప్పటికి ఎన్నేళ్ళయింది అని విద్యార్థులను పరీక్ష పేపర్లో అడిగే మాస్టారు తన పుస్తకంలో తనను అడగలేదు. పోనీ, తంబురాను వదిలేద్దాం, అది ఎవరికీ అపకారం చేయలేదు.

ఆయుర్దాయం లెక్కను మాత్రం వదలబుద్ధి కాదు. బాబా తొంభయ్యారేళ్ళు ఉంటానన్నారని భక్తులు చెప్పుకునేవారు. 2011 ఏప్రిల్ 24న, ఎనభై నాలుగేళ్ళ అయిదు నెలలకు వెళ్ళిపోయారు. ఎవరి మాటైనా తప్పితే మనం మాట తప్పిందంటాం. ఇక్కడ తప్పింది క్యాలెండరు! బాబా లెక్క నక్షత్ర మాసాల లెక్క, నెలకు ఇరవై ఏడు రోజులే అని వివరణ వచ్చింది. సరే, గుణిద్దాం. ఆయన పుట్టిన 1926 నవంబరు 23 నుంచి పోయిన రోజుకు 30,833 రోజులు. ఏడాదికి 324 చొప్పున భాగిస్తే తొంభై అయిదు నిండి తొంభయ్యారో ఏడు నడుస్తోంది. శభాష్, సరిపోయింది.

అయితే 1960 సెప్టెంబరు 29న ఇచ్చిన ఉపన్యాసంలో ఈ శరీరంలో ఇంకా యాభై తొమ్మిదేళ్ళు ఉంటానని బాబా చెప్పినట్టు ఆశ్రమమే అచ్చు వేసింది. మామూలు ఏళ్ళయితే 2019. ఇరవై ఏడు రోజుల నెలలయితే 2013 జనవరి. ఏ నెలతో కొలిచినా 2011 రాదు. ఒకే నోట వచ్చిన రెండు మాటలకు రెండు క్యాలెండర్లు కావాలన్నమాట. అది పట్టుకోవడానికి దివ్యదృష్టి అక్కర్లేదు, తేదీ వేసిన ఒక్క కాగితం చాలు. గురువులకు కాగితమంటే ఎందుకు గిట్టదో ఇక్కడ తెలుస్తుంది. జ్ఞాపకం భక్తితో పాటు పెరుగుతుంది, తేదీ పెరగదు.

దీన్ని నవ్వి ఊరుకోవచ్చు. కానీ 1993 జూన్ 6 రాత్రి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయంలో ఆరుగురు చనిపోయారు. ఇద్దరు బాబా సహాయకులు, నలుగురు లోపలికి చొరబడి పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళు. దాని మీద నవ్వలేం. బాబా పోయాక ఆయన నివాసం యజుర్ మందిరం తలుపు తీస్తే 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11.56 కోట్ల నగదు బయటపడ్డాయి. ఏ జీవితచరిత్రకైనా ఈ రెండూ రెండు అధ్యాయాలు. ఎవరు, ఎందుకు, ఎలా అని అడగకుండా వీటిని దాటేసేవాడు పాత్రికేయుడు కాడు, ఆశ్రమం గుమాస్తా. చచ్చిపోయినవాళ్ళకూ తల్లిదండ్రులుంటారు. వాళ్ళ వాంగ్మూలం ఏ భక్తుడి అనుభవానికి తీసిపోయింది?

అనంతపురం పల్లెలకు నీళ్ళిచ్చాడు, ఉచితంగా గుండె ఆపరేషన్లు చేయించాడు, కాగితాలతో ఏం పని అంటారు భక్తులు. నీళ్ళు నిజం, ఆసుపత్రి నిజం. వాటి నిజానికి పైపులున్నాయి, రోగుల రికార్డులున్నాయి. రుజువుకు నిలిచే పని చేసిన మనిషికి రుజువు లేని తంబురా ఎందుకు తగిలిస్తారన్నదే నా కోపం. అనుభవం కూడా ఆధారమే అంటారు. ఒప్పుకుందాం. అయితే ఐస్లాండ్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎర్లెండుర్ హరాల్డ్‌సన్ చేసినట్టు చేయండి. ఆయన బాబాకు శత్రువు కాడు. అయినా చూశామన్నవాళ్ళను వెతికి పట్టుకుని, ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట పెట్టి, 1987లో పుస్తకం వేశాడు. అంతపాటి ఓపిక మన వాళ్ళకు ఎందుకుండదు?

కాగితాలున్న పుస్తకం గతి ఏమవుతుందో హరిద్వార్ వైపు చూస్తే తెలుస్తుంది. ప్రియాంకా పాఠక్ నారాయణ్ అనే పాత్రికేయురాలు బాబా రామ్‌దేవ్ మీద 2017లో ‘గాడ్‌మన్ టు టైకూన్’ రాసింది. ఎందరినో కలిసి మాట్లాడింది, ఏ సంగతి ఎక్కడిదో పుస్తకం చివర చెప్పుకుంది. ఆగస్టులో, ఆమె వాదన వినకుండానే, ఢిల్లీ కోర్టు అమ్మకం ఆపేసింది. మరుసటి ఏడాది ఆ ఉత్తర్వు తొలగినా, సెప్టెంబరులో హైకోర్టు కొన్ని భాగాలు తీసేస్తే గానీ అమ్మవద్దంది. అసలు దావా తేలకముందే. పరువు ప్రాణమంత విలువైందే, కాదనను. అబద్ధం రాస్తే నష్టపరిహారం కట్టించండి. నిజమో అబద్ధమో తేలేదాకా పాఠకుడి కళ్ళు మూయడమేం న్యాయం?

2019లో రామ్‌దేవ్ ఆత్మకథ వచ్చింది, ‘మై లైఫ్, మై మిషన్’. సహ రచయిత ఉదయ్ మాహూర్కర్, ఆయనా పాత్రికేయుడే. ఇక్కడ ‘నేను’ అన్నది గురువు, రాసింది విలేకరి. నోటు పుస్తకాలతో, టేపులతో ఏం పని? మరుసటి ఏడాది మాహూర్కర్‌గారు కేంద్ర సమాచార కమిషనర్ అయ్యారు. కాగితాలు చూపించమని పౌరులు పెట్టుకునే అప్పీళ్ళు ఆయన బల్ల మీదికి వెళ్ళాయి.