ధవళేశ్వరంలో నా ఉపన్యాసం

కోనసీమలో గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహం ఎదురుపడకుండా ఎంతో దూరం పోలేం. అందుకేనేమో మా పిల్లలు ఆయన్ని కరెంటు స్తంభంతో సమానంగా చూస్తారు. వీళ్ళని ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్ళి, మనం తినే అన్నం ఎవరి చలవో తెలియజెప్పాలని నాకు బుద్ధి పుట్టింది. మీకూ పుట్టే ఉంటుంది, తండ్రన్నాక తప్పదు కదండీ.

ముందురోజు రాత్రి చాటుగా కూచుని చదివాను. గోదారి మీద దొరగారు కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలు, 1852కి పూర్తి. అద్దం ముందు నించుని చెప్పి చూసుకున్నాను కూడా. "ఎవరితోనండీ మాటలు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "ఫోన్లో" అన్నాను. ఫోను ఆవిడ పక్కనే ఛార్జింగులో ఉంది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనిపించుకున్నాకే కారు కదలనిచ్చారు. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కగానే గొంతు సవరించుకున్నాను.

"పాత ఆనకట్ట స్థానంలో ఇది 1982కి తయారైంది. మొత్తం 175 గేట్లు..."

మావాడు కిటికీకి ముక్కు ఆనించి లెక్క మొదలెట్టాడు. "మాట్లాడకండి నాన్నా, లెక్క తప్పిపోతోంది!"

తీరా ధవళేశ్వరం వచ్చేసినా లెక్క 175కి చేరలేదు. "మీరు తప్పు చెప్పారు" అన్నాడు. నేను నీళ్ళు నములుతుంటే, మా ఆవిడ పూతరేకు పొట్లం విప్పుతూ, "మిగతావి మద్దూరు, విజ్జేశ్వరం వైపుంటాయిరా, మనం అటు పోలేదుగా" అంది. ఈవిడెప్పుడు చదివిందో!

మ్యూజియం లోపల నమూనాలూ ఫొటోలూ చూడగానే ప్రాణం లేచొచ్చింది. పక్కన ఇంకో కుటుంబం నించుని ఉంటే, వాళ్ళకీ వినపడాలని గొంతు పెంచాను. 1833 నాటి కరువు, 1839 ఉప్పెన, ఆ తరవాత దొరగారి సర్వే... అన్నీ వరసగా లాగించేస్తున్నాను.

"మరి వీణెం వీరన్నగారి గురించి చెప్పరేం నాన్నా?" అంది మా అమ్మాయి.

"ఆయనెవరమ్మా?"

"కాటన్ దగ్గర పనిచేశారు. కూలీల్ని కూడగట్టింది ఆయనే. మా టీచరు చెప్పారు."

అక్కణ్ణించి ఆ కుటుంబం మా అమ్మాయి వెనకాల నడిచింది. వాళ్ళ వెనకాల నేను.

ఇక నాకు మిగిలింది వరద. ధవళేశ్వరంలో 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. శ్రావణ భాద్రపదాల్లో మనకి ఈ అంకెల తరవాతే పిల్లల మార్కులైనా. "1986 ఆగస్టులో గోదారి ఎలా వచ్చిందో తెలుసా?" అన్నాను.

"మీకు తెలుసా?" అంది మా ఆవిడ.

ఆవిడ పుట్టిల్లు లంక ఊరు. నీళ్ళు గుమ్మం దాటాక వాళ్ళమ్మ పిల్లల్నీ, బియ్యం మూటనీ, ఓ మేకపిల్లనీ అటకెక్కించిందట. పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ మేకపిల్ల రాత్రంతా ఎవరి చెవి కొరికిందో కూడా తెలిసింది. అదే వరదకి నేను అమలాపురంలో, బడికి సెలవిచ్చారని వీధిలో గెంతులేస్తున్నాను. అడగలేదు కనక చెప్పలేదు.

మొన్న మావాణ్ణి బళ్ళో ఆ ప్రయాణం గురించి రాసుకు రమ్మన్నారు. ఆరుబయట పెట్టిన పాత ఇనప యంత్రాల మీద ఒక పేజీ రాశాడు. మేకపిల్ల మీద ఇంకో పేజీ. నా పేరు కోసం వెతికాను. ఆఖర్న, మార్జిన్లో ఇరికించి ఉంది: "కారు నాన్న నడిపారు."