వయసుకు దక్కిన పెత్తనం

నేను ఇరవై నాలుగు పోర్టుల స్విచ్‌ని. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెట్ల కింద ర్యాక్‌లో ఉంటాను. ఫ్యాన్ నిండా దుమ్ము. పోర్టులన్నీ వంద మెగాబిట్లవే. అయినా ఏళ్లతరబడి క్యాంపస్ నెట్‌వర్క్ మొత్తానికి రూట్‌గా ఉన్నది నేనే. నన్నెవరూ కూర్చోబెట్టలేదు, దిగమనీ అనలేదు.

ఎలాగంటారా? ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఒక ఆయుష్షుంది. మా ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అదీ లేదు. స్విచ్‌ల మధ్య దారులు చుట్టుతిరిగి కలిశాయా, బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ తిరుగుతూనే ఉంటుంది. దానికి 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే ఉపాయం కనిపెట్టింది. ఒకరు రూట్, మిగతావాళ్లు రూట్‌కి దగ్గరి దారి ఉంచుకుని అదనపు దారులు మూసుకోవాలి. ప్రయారిటీ అంకె తక్కువున్నవాళ్లే రూట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మా అందరిదీ 32768. అందరిదీ ఒకటే అయితే చిన్న మ్యాక్ అడ్రస్‌దే గెలుపు. ఇక్కడ అందరికంటే పాత సరుకుని నేను, చిన్న మ్యాకూ నాదే.

ఫలితం చూడండి. కోర్ స్విచ్‌లు రెండూ నాకు నేరుగా వైరుతో కలిసినవే, ఆ వంద మెగాబిట్ల దారి ఖర్చు 19. ఒకదాని మీదుగా ఇంకొకటి రావాలంటే వాటి మధ్య గిగాబిట్ దారి ఖర్చు 4 కలిసి 23. అందుకని వాటి మధ్య గిగాబిట్ ఫైబర్ మూతపడింది. రెండు బ్లాకుల ట్రాఫిక్ నా వంద మెగాబిట్లలోంచి ఈడ్చుకుంటూ పోయేది. తిట్లు మాత్రం ఇంటర్నెట్ కంపెనీకి!

ల్యాబ్‌లోది మరో కథ. కంప్యూటర్ ఆన్ చేస్తే అర నిమిషం దాకా ఐపీ రాదు. పాత పద్ధతిలో పోర్టు వినడానికి పదిహేను సెకన్లు, నేర్చుకోవడానికి పదిహేను. కంప్యూటర్ల పోర్టులకు ఈ ఎదురుచూపు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెడితే సరిపోయేది. ఒకాయన ఏకంగా ల్యాబ్ స్విచ్‌లో స్పానింగ్ ట్రీనే ఆపేశాడు. ఆ తర్వాత ఎవరో ఒకే వైరు రెండు కొసలూ అదే స్విచ్‌కి గుచ్చారు. నా లైట్లన్నీ ఆరకుండా వెలిగాయి, కాలేజీ అంతా ఆగింది. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఇలాంటి లూప్ గొడవలోనే కూలి, డాక్టర్లు మళ్లీ కాగితం పట్టారు. మాది కాలేజీ కాబట్టి సెలవుతో సరిపోయింది.

తర్వాత వచ్చిన నెట్‌వర్క్ మేడం నా ముందు ల్యాప్‌టాప్ తెరిచింది.

"పాతదైనా బాగానే పనిచేస్తోంది కదండీ మేడం," అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్.

"పనిచేస్తోంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు," అంది.

మోడ్ మారిస్తే స్పానింగ్ ట్రీ మొదటినుంచీ మొదలవుతుంది కాబట్టి రాత్రిపూట పని పెట్టుకుంది. కోర్‌కి ప్రయారిటీ 4096, దాని జోడీకి 8192 ఇచ్చి, కొత్త స్విచ్‌లన్నిటికీ త్వరగా దారి మార్చే ర్యాపిడ్ పీవీఎస్టీ పెట్టింది. ల్యాబ్‌లో ఆపేసినదాన్ని తిరిగి తెరిచి పోర్ట్‌ఫాస్ట్, దాంతోపాటే ఆ పోర్టుల్లో స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టు మూసేసే బీపీడీయూ గార్డ్ వేసింది. వీలాన్లను గుంపులుగా కలిపి నడిపే ఎంఎస్టీ జోలికి పోలేదు. అందులో రీజియన్ పేరు, రివిజన్ నంబరు, వీలాన్ల పట్టిక అన్ని స్విచ్‌లలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. వీలాన్లు వందల్లో ఉన్నచోట ఆ శ్రమ దండగ కాదు; గుప్పెడున్నచోట ఎందుకు? నేనైనా అదే చేసేదాన్ని.

నాకు పాత పద్ధతి 802.1డి తప్ప రాదు. అందుకని నా వైపున్న పోర్టుల్లో మాత్రం కొత్తవాళ్లు పాత పద్ధతికి దిగుతారు. మిగతా చోట్ల లింకు తెగినా క్షణాల్లో దారి మారుతోంది. నా దగ్గర ఇంకా అర నిమిషం, ఒక్కోసారి యాభై సెకన్లు.

మీ ఆఫీసులోనూ ప్రయారిటీలన్నీ 32768గానే ఉండి ఉంటాయి. ఏదైనా స్విచ్‌లోకి వెళ్లి 'షో స్పానింగ్-ట్రీ' కొట్టి, రూట్ ఎవరో ఇవాళే చూసుకోండి.