నట్టు పద్యానికి సూరత్ టీక

మూలం

చేత మొదట నట్టు చేర్చి తిప్పవలయు
నెదుటి నట్టు పిదప నెంచి బిగిచి
కొలత పానతోడఁ గూర్చి చప్పుడు విను
డెబ్బదైన వెనుక డీలు చూడు

అవతారిక: సూరత్ పర్వత్ పాటియాలో కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించుకుని, తెల్లారి సిరిసిల్లకు బయల్దేరవలసిన గృహస్థు చెప్పిన పద్యమిది. కవీ టీకాకారుడూ ఒక్కడే కనుక అర్థంలో తగవు లేదు. దుకాణపు కుర్రవాడు గాలిగన్ను పట్టి ఒక్కో చక్రానికి నాలుగు నట్లనూ వరసగా ఢర్రుమనిపించి, "హో గయా కాకా" అన్నాడు. కాకా అంటే ఇక్కడ బాబాయి. ఆ పిలుపుకు కరిగి డబ్బిచ్చి వచ్చేసి, రాత్రి నిద్రపట్టక కవి ఈ పద్యం కట్టాడు.

ప్రతిపదార్థం: చేత = గన్నుతో గాక వట్టి వేళ్లతో; మొదట = పాన తగలకముందే; నట్టు = కోసు ముఖం చక్రం వైపుండేలా పట్టిన నట్టును; చేర్చి తిప్పవలయు = మర సరిగా పడి తేలిగ్గా తిరిగేదాకా తిప్పవలెను; ఎదుటి నట్టు = పక్కది కాదు, ఎదురుగా ఉన్నదానిని; ఎంచి బిగిచి = చూసుకుని కొంచెం కొంచెంగా బిగించి; కొలత పానతోడన్ = టార్క్ రెంచితో; కూర్చి = చక్రం నేల తాకాక అసలు బిగువు ఇచ్చి; చప్పుడు విను = పెట్టిన కొలతకు పాన టక్కుమనగానే ఆపు; డెబ్బదైన వెనుక = డెబ్బై అయ్యాక; డీలు = వదులు; చూడు = మళ్లీ పాన పెట్టి చూడు.

టీక: "కొలత పాన" అన్నచోట కొందరు పానమనగా తాగుట అని, కొలత పానమనగా ఇక్కడి వారి అడధీ చాయ్ అని వ్యాఖ్యానించారు. కుర్రవాడు బిగిస్తుండగా కారు యజమాని టీకొట్టు దగ్గర ఉంటాడు గనుక ఈ అర్థానికి లోకప్రమాణం ఉంది. అయినా గ్రాహ్యం కాదు. గుజరాతీ పానుం, మన మెకానిక్కుల పానా ఒకటే. గణం కోసం దీర్ఘం పోయింది.

కొలత ఎంత? చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్లు. మీ అంకె కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అర మీటరు పాన చివర ఇరవై కిలోల బరువు మోపితే దాదాపు 98. కాబట్టి పాన మీద ఎక్కి నిలబడడం శాస్త్రసమ్మతం కాదు. నట్టు బిగిసేకొద్దీ స్టడ్డు స్ప్రింగులా సాగుతుంది. వెనక్కి లాగే ఆ సాగుడే చక్రాన్ని హబ్బుకు అదిమి పడుతుంది. హద్దు మీరి సాగితే మళ్లీ మొదటికి రాదు. గాలిగన్నుకు ఆ హద్దు తెలియదు. మరకు నూనె పూసేవారు ఇంకా ప్రమాదం: రాపిడి తగ్గి, అదే కొలతకు స్టడ్డు మరింత సాగుతుంది.

"ఎదుటి నట్టు" సంగతి మగ్గాలు బాగుచేసే మా లింబాయత్ బావకు టీక లేకుండానే తెలుసు. పలకను ఒక పక్క పూర్తిగా బిగిస్తే రెండో పక్క లేస్తుందని అతను రోజూ చూస్తాడు. చక్రమూ అంతే. అయిదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి.

"డెబ్బది" ఏమిటి? ఏండ్లని ఒక పాఠం. అప్పటికి డీలు చూడాల్సింది చక్రానికి కాదు. కిలోమీటర్లనే చెప్పుకోవాలి. సముద్రపు గాలికి, ఖాడీ, అంటే ఇక్కడి వాగు, పొంగిన నీళ్లకు హబ్బు మీద తుప్పు పొర కడుతుంది. తీగ బ్రష్షుతో గీకకుండా చక్రం ఎక్కిస్తే, నడిచాక ఆ పొర నలిగి బిగువు తగ్గుతుంది. శుభ్రం చేసినా సర్దుబాటు కొంత ఉంటుంది. యాభై నుంచి వంద లోపు ఒకసారి చూడమనేది అందుకే.

తాత్పర్యం: వేళ్లు, ఎదురు, టక్కు, మళ్లీ.

విశేషం: మా దారిలో బారడోలి దాటి వ్యారా వచ్చేసరికి డెబ్బై దగ్గర పడుతుంది. పెట్రోలు బంకు పక్కన ఆపి, చక్రాలు చల్లారాక బావ దగ్గర అరువు తెచ్చిన కొలత పాన పెట్టాను. మూడు చక్రాలు వెంటనే టక్కుమన్నాయి. ఎడమ ముందు చక్రానికి రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.