సేవాయాత్ర అంకుల్

సేవాయాత్ర అంకుల్ నివాసం న్యూజెర్సీలోని ఎడిసన్, లేదంటే టెక్సస్‌లోని ఫ్రిస్కో. పుట్టింది నల్గొండ జిల్లాలోనో పాలమూరు జిల్లాలోనో. వయసు యాభై దాటి ఉంటుంది. ఊరి బడి, సర్కారు హాస్టలు, అమీర్‌పేట కోచింగు, వైటూకే రోజుల్లో హెచ్‌1బీ వీసా, ఇదీ అతను అక్కడికి చేరిన వరస. 1977లో మొదలైన తానా నుంచి 2015లో పుట్టిన టీటీఏ దాకా ఉన్న తెలుగు సంఘాల్లో కనీసం ఒకదాంట్లో సభ్యత్వం ఉంటుంది. సంఘం పిల్లల్ని పదిహేను ఇరవై మందిని పోగుచేసి, ఎండాకాలం సెలవుల్లో సొంత జిల్లాలోని ఏదో ఒక అనాథాశ్రమానికి సేవ చేయించడానికి తోలుకురావడం ఈ జాతి ప్రధాన లక్షణం. ‘పిల్లలకు విలువలు తెలవాలె’ అన్నది అతని మంత్రం. ఎవరి పిల్లలకన్నది సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

అతను వదిలివెళ్లిన జిల్లా ఇప్పుడు లేదు. 2016 అక్టోబరు 11న నల్గొండ మూడు జిల్లాలైంది, పాలమూరు అనే మహబూబ్‌నగర్ నాలుగైంది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరుపడింది. పాలమూరు అంకుల్ ఊరు నాగర్‌కర్నూలులో కలిసి ఏళ్లు గడిచినా అతని ఉత్తరాలు మాత్రం ‘కలెక్టర్, మహబూబ్‌నగర్’ పేరునే వస్తాయి. జవాబు రాకపోతే, ‘అందుకే మనం ఇట్లున్నం’ అంటాడు.

యాత్ర సన్నాహాలు సంక్రాంతికే మొదలవుతాయి. ముందు వాట్సాప్ గ్రూపు పుడుతుంది. తర్వాత పాము కరిచినా, నీళ్లు పడకపోయినా సంఘానికి బాధ్యత లేదన్న కాగితం మీద తల్లిదండ్రుల సంతకాలు పడతాయి. తల్లిదండ్రుల లెక్క వేరు. అమెరికా కాలేజీల ఉమ్మడి దరఖాస్తులో బడి బయటి వ్యాపకాలకు పది గళ్లుంటాయి, ఒక్కో వ్యాపకం గురించి 150 అక్షరాలకు మించి రాయనివ్వరు. 2003లో మొదలై 2025లో ఆగిపోయిన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డులో 16 నుంచి 25 ఏళ్లవాళ్లకు బంగారు పతకం కావాలంటే ఏడాదిలో 250 గంటల సేవ చూపించాల్సి ఉండేది. పాలమూరు పేదరికం 150 అక్షరాల్లో పడుతుందా అని ఏ తల్లీ అడగదు. గంటలెన్ని వస్తాయని మాత్రం అందరూ అడుగుతారు. పిల్లవాణ్ని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

నిధుల కోసం ఆదివారాలు గుడి ఆవరణలో సమోసాలు అమ్ముతారు. విదేశీ విరాళాల చట్టం మీద అంకుల్‌కున్న పాండిత్యం ఇక్కడే బయటపడుతుంది. 2020 సవరణ తర్వాత, స్వచ్ఛంద సంస్థకు వచ్చే విదేశీ విరాళంలో ప్రతి రూపాయీ ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. సమోసా డాలరు కూడా ఢిల్లీ చూసే కల్వకుర్తికి రావాలి. ఆ ఖాతా, ఆ చట్టం కింద రిజిస్ట్రేషను రెండూ లేని చిన్న ఆశ్రమానికి పైసా పంపడం కుదరదు. ఈ సంగతిని అంకుల్ ఎవరికైనా ముప్పావుగంట వివరించగలడు. వివరించాక, అయితే సామానే పట్టుకుపోదామని తీర్మానిస్తాడు.

ఆ సామాను వేరే అధ్యాయం. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. వాటినిండా రంగు పెన్సిళ్లు, పెద్దవాళ్లకే వదులయ్యే టీషర్టులు, సంఘంలోని పళ్ల డాక్టరు ఉదారంగా ఇచ్చిన టూత్‌పేస్టులు. అన్నీ ఫ్లోరైడ్ కలిపినవే. అమెరికాలో చాలాచోట్ల పళ్లు పుచ్చకుండా ఊరి నీళ్లలోనే ఫ్లోరైడ్ కలుపుతారు, లీటరుకు 0.7 మిల్లీగ్రాముల చొప్పున. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నేల ఆ పనిని ఎవరూ అడక్కుండానే తరాల తరబడి చేసిపెట్టింది. మన ప్రమాణం ప్రకారం వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియాలో, కెన్యాలో ఇంజనీర్లకు నల్గొండ తెలిసింది ఈ దారినే. 2016లో మొదలైన మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణా నీళ్లు వచ్చాకే ఆ పల్లెలు తెప్పరిల్లాయి.

ఇదంతా అంకుల్‌కు తెలియదనుకుంటే పొరపాటు. చిన్నప్పుడు ఆ నీళ్లే తాగాడు, గారపళ్లు కనిపించకుండా పెదవి బిగించి నవ్వడం అలవాటు చేసుకున్నాడు. నార్కట్‌పల్లి దాటగానే బస్సులో మైకు తీసుకుని పై అంకెలన్నీ తప్పుల్లేకుండా చెబుతాడు. నల్గొండ పేరు ఆఫ్రికాలో ఉందన్నప్పుడు గొంతు జీరపోతుంది, పిల్లలు కూడా ఫోన్ల మీంచి ఒకసారి తలెత్తుతారు. అదే మనిషి సాయంత్రం ఆశ్రమం హాస్టల్లో పెట్టెలు విప్పి, చప్పట్ల మధ్య టూత్‌పేస్టులు పంచబోతాడు. వార్డెన్ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివి, ‘సార్, ఇండ్ల ఫ్లోరైడ్ ఉన్నది గద’ అంటాడు. బ్రష్షులు పిల్లలకు, పేస్టులు గోదాముకు పోతాయి. మరుసటేడు మళ్లీ అవే వస్తాయి, ఎందుకంటే పళ్ల డాక్టరును నొప్పించడం సంఘానికి మంచిది కాదు.

యాత్ర మొత్తాన్ని మోసేది స్థానిక బామ్మర్ది. ఆశ్రమంతో మాట్లాడటం, ఏసీ బస్సుకు బయానా ఇవ్వడం, ఫ్లెక్సీలో పేర్లు తప్పులేకుండా అచ్చు వేయించడం, ఒకరికి పాలు, ఒకరికి వేరుశనగ, ఒకరికి గోధుమ పడవని గుర్తుంచుకోవడం, వేరుశనగకు పేరుపడ్డ పాలమూరులో పల్లీ తగలని చట్నీ వెతకడం అతని వంతు. అంకుల్‌కు ఆఫీసులో తీరిక దొరికే మధ్యాహ్నం మూడంటే ఇక్కడ రాత్రి ఒంటిగంట ప్రాంతం. ‘పండుకున్నవా బామ్మర్దీ?’ అని మొదలయ్యే ఆ ఫోను, బస్సు సీట్ల రంగు తేలేదాకా ముగియదు. బయానా డబ్బు తిరిగి వచ్చిన దాఖలాలు అరుదు. గ్రూపు ఫొటోలో అతను ఉండడు, తీసేది అతనే కనుక. (ఈ పేరా దూరం నుంచి గమనించి రాసింది కాదని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు.)

బస్సులో అంకుల్ ఆత్మకథ నడుస్తుంది. సర్వేల్ గురుకులంలో చదివినవాడైతే ఆ సంగతి శంషాబాద్‌లో దిగకముందే తెలిసిపోతుంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఆ బడిలో సీటంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. సీటు రానివాడైతే చౌటుప్పల్ దాటాక, ఆ మలుపు చూపించి మరీ చెబుతాడు. పాలమూరు బస్సైతే పిల్లలమర్రి దగ్గర ఆగాలి. మూడెకరాల మర్రిచెట్టుకు చెదలు పడితే 2018లో మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారని చెబితే పిల్లలు నమ్మరు. ఫోన్లో వెతికి నమ్ముతారు.

టెక్సస్ బృందాలతో ఒక చిక్కుంది. అక్కడ బళ్లు మే నెలాఖరుకు మూస్తారు. ఇక్కడ జూన్ 12న గాని తెరవరు. జూన్ మొదటివారంలో దిగిన సేవకులకు సేవ చేయించుకునేవాళ్లు కావాలి గనక, వార్డెన్ ఆటోలు మాట్లాడి ఊళ్ల నుంచి పిల్లల్ని రప్పిస్తాడు. అనాథల్ని వాళ్ల అమ్మమ్మలు దిగబెట్టి పోతారు. స్వాగతంగా కాగితపు పూలతో బతుకమ్మ ఆడతారు. తంగేడు పూసే కాలానికి అమెరికాలో బడి ఉంటుంది కాబట్టి జూన్ బతుకమ్మను ఎవరూ తప్పుపట్టరు.

అమ్మమ్మల సంగతి చూచాయగా తెలిశాక అమెరికా కుర్రవాడికి మొదటి అనుమానం పుడుతుంది. సిలికానాంధ్ర మనబడిలో నేర్చిన తెలుగులో ఎనిమిదేళ్ల పిల్లను ‘మీ తల్లిదండ్రులు ఎక్కడున్నారండి?’ అని అడుగుతాడు. అండీ అన్నది ఎవర్నోనని ఆ పిల్ల వెనక్కి చూసి, తర్వాత చెబుతుంది: ‘మా అమ్మ నాయిన పూనకు పోయిండ్రు. బిల్డింగు పని.’ ప్రపంచంలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో నలుగురికి తల్లో తండ్రో ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది. పాలమూరుకు ఆ నివేదిక అక్కర్లేదు. ఒకప్పుడు వారానికి ఒక్కటే నడిచిన ముంబై బస్సు 2003 నాటికి వారానికి ముప్పైకి పైగా అయిందని పి. సాయినాథ్ రాశారు. ఆ బస్సుల్లో పోయినవాళ్ల పిల్లలే ఇక్కడ మిగిలింది. ఆ పిల్ల వార్డెన్ ఫోను అడిగి అమ్మకు కలుపుతుంది, అమెరికా అన్నతో మాట్లాడమంటుంది. అవతలి నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘తిన్నవా బిడ్డా?’ అనాథ మీద సగం రాసుకున్న కాలేజీ వ్యాసం అక్కడితో ఆగిపోతుంది.

యాత్రలో ప్రధాన ఘట్టం గోడ. పిల్లలకు శ్రమ విలువ తెలియాలని ప్రతి బృందం చేతా అంకుల్ ఒక గోడ కట్టిస్తాడు. కట్టించడానికి ఇంతకన్నా తగని చోటు దేశంలో లేదు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ మేడ లేచినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. తట్ట మోసిన తల్లుల వెంట ఇసుక కుప్పల మీద పెరిగిన పిల్లలు వరసగా కూర్చుని, ఎడిసన్ కుర్రాళ్లు సిమెంటు కలపడం చూస్తుంటారు. కాసేపు మర్యాదకు ఊరుకుంటారు. తర్వాత ఒకడు లేచి, ‘అన్నా, మాల్ పలచగైంది’ అంటాడు. ఇంకొకడు, ‘గట్ల గాదు, ఇటుక తడుపాలె’ అంటాడు. పొద్దుగూకేసరికి గోడ పిల్లలు కడుతుంటారు, సేవకులు తట్టలు అందిస్తుంటారు. అయినా అది వంకరే. బస్సు వెళ్లిన మర్నాడు మేస్త్రీ వచ్చి పై రెండు వరసలు పీకి సరిచేస్తాడు. అతని కూలి బామ్మర్ది ఖాతాలో పడుతుంది.

అంకుల్ తాపీ పట్టినప్పుడు మాత్రం చూడాలి. డిగ్రీ సెలవుల్లో రోజుకూలీకి పోయినవాడు. ప్యాంటు మడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక వరస పేరుస్తాడు. ఆ వరసను మేస్త్రీ ముట్టుకోడు. మైకు దొరికితే వదలని మనిషి, ఈ పని తనకెట్లా వచ్చో పిల్లలకు చెప్పడు. చెప్పని సంగతి ఇంకొకటి కూడా ఉంది. ఆ హాస్టల్లో పదో తరగతి దాటిన ఇద్దరికో ముగ్గురికో ఏటా ఇంటర్ ఫీజు కట్టేది అతనే. టూత్‌పేస్టుల మీద నాలుగు నిమిషాల వీడియో చేయించినవాడు ఈ ఫీజుల మీద రసీదు కూడా అడగడు. బామ్మర్దికి తెలుసు, డబ్బు చేరవేసేది అతనే కనుక. ఈ ఒక్క లెక్కలో మాత్రం బకాయి ఉండదు.

సేవకులొస్తే హాస్టల్లో బగారన్నం, కోడికూర. కాబట్టి సేవాయాత్రలంటే పిల్లలకు నిజంగానే ఇష్టం. మామూలు రోజుల్లో ఏ కారు ఆగినా వంటింటి వైపు చూస్తారు. అమెరికా పిల్లలకు కారం తగ్గించి వండిన కూర ఆశ్రమం పిల్లలకు సప్పగా ఉంటుంది, అయినా సర్దుకుంటారు. ఈ త్యాగం ఎవరి గంటల్లోనూ చేరదు.

ఫొటోల విషయంలో చట్టం అడ్డొస్తుంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తు తెలిసేలా ఏదీ ప్రచురించకూడదు. ఆర్నెల్ల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. అంకుల్ దీన్ని గౌరవిస్తాడు. పిల్లల ముఖాల మీద నవ్వుబొమ్మలు అతికించాకే ఫేస్‌బుక్‌లో పెడతాడు. తొందరలో దాతల ముఖాల మీద కూడా ఒకటి రెండు పడుతుంటాయి, వాటి గురించి తర్వాత ఎగ్జిక్యూటివ్ కమిటీలో చర్చ జరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో గంటల లెక్క తేలుస్తారు. గోడ కట్టిన గంటలపై తగువు లేదు. బతుకమ్మ చూసిన గంటలు, బస్సులో నిద్రపోయిన గంటలు, కడుపు నొప్పితో నల్గొండలో సెలైన్ ఎక్కించుకున్న గంటలు సేవ కిందికి వస్తాయా అన్నదే చర్చ. అంకుల్ ఉదారుడు, అన్నిటికీ సంతకం పెడతాడు. బృందంలో ఒకరో ఇద్దరో ఆ లెక్కలో పాల్గొనరు. వాళ్లు శనివారం రాత్రి ఎడిసన్‌లో కూర్చుని, ఇక్కడి ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతారు. ఆ పిల్లలు వాళ్లకు తిట్లు నేర్పుతారు.

ఈ జాతిలో ఆంటీ రకం కూడా ఉంది, సంఖ్య తక్కువ. ఆమె ఫ్లెక్సీ లేకుండా వస్తుంది. రావడానికి ముందు వార్డెన్‌కే ఫోను చేసి ఏం కావాలని అడుగుతుంది. బోరు మోటారు కాలిందంటే వైండింగు చేయించి, కుక్కర్లకు గాస్కెట్లు కొనిచ్చి, సాయంత్రం బస్సుకే హైదరాబాద్ వెళ్లిపోతుంది. ఆమె వచ్చిన రోజు కూడా హాస్టల్లో పప్పు, నీళ్ల చారే కాబట్టి పిల్లలెవరికీ ఆమె గుర్తుండదు. అంకుల్‌కూ ఆంటీకీ పడదు, ఇద్దరి యాత్రలూ ఒకే వారంలో పడకుండా వార్డెన్ జాగ్రత్త పడతాడు. ఎందుకంటే మోటారు విప్పించి కల్వకుర్తి మోసుకుపోవాల్సినవాడూ, అదే పూట శంషాబాద్‌లో ఫ్లెక్సీ పట్టుకు నిలబడాల్సినవాడూ ఆ ఒక్క బామ్మర్దే.