బంతి కొనగ బోయి: టీకా తాత్పర్య సహితం

అవతారిక: అమలాపురం అంటే షటిల్. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి పుట్టిన ఊళ్లో రాకెట్టు అడిగే పిల్లలకు కొదవలేదు. కొడుకు ఫుట్‌బాల్ బూట్లు అడిగేసరికి గోదావరి దాటాల్సొచ్చిన ఒక తండ్రి సందర్భంలోది ఈ పద్యం.

ఆ.వె.
బంతి కొనగ బోయి పట్నంపు కొట్టులో
తాను వెదకు వరుస తప్పి పోయి
నేల యేది యనుచు నిలదీసె నొక బూటు
బురద యనగ నవ్వె బూట్ల వాడు

టీక:

బంతి = ఫుట్‌బాలు. ఇక్కడ అయిదో నంబరుదని గ్రహించాలి. చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు. పన్నెండేళ్ల లోపువారికి నాలుగో నంబరు చాలునని శాస్త్రం. చిన్నది తెస్తే అన్నం మానేస్తారని లోకానుభవం. ‘బంతి’ అన్నప్పుడే బూట్లు, మేజోళ్లు, పిక్కల ముందు కట్టే షిన్‌గార్డులు కూడా వచ్చినట్టు.

పట్నంపు కొట్టు = నగరంలోని ఆటసామాన్ల పెద్ద దుకాణం. ఏ పట్నమో కవి చెప్పలేదు. రావులపాలెం మీదుగా గౌతమి దాటితే రాజమండ్రి, ఎదుర్లంక వంతెనెక్కి యానాం దాటితే కాకినాడ. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం ఉంది కనుక ఈ తగువు ఇక్కడితో ఆపుతున్నాం.

వరుస తప్పి పోయి = సైకిళ్లు, గుడారాలు, ఈత కళ్లద్దాల మధ్య దారి తెలియక. కాలవలో ఈత నేర్చినవాడు కళ్లద్దాలను తేలిగ్గానే దాటాడు. గుడారం దగ్గర మాత్రం లోపల దూరి చూశాడని పాఠాంతరం.

ఒక బూటు = ఇంటి దగ్గర పిల్లాడి పాదాన్ని కొబ్బరి ఈనెతో కొలిచి, ఆ ముక్క జేబులో పెట్టుకొచ్చాడు. డబ్బా మీదేమో యూరప్ అంకె. ఆ లెక్కలో ఒక్కో అంకెకు సెంటీమీటరులో మూడింట రెండొంతులు పెరుగుతుంది. చివరికి ఈనెను బూటు లోపల పెట్టి చూడటంతో చిక్కు విడింది.

నేల యేది యనుచు = ఇదే పద్యానికి ప్రాణం. బూటును దాని అడుగును బట్టి ఎంచాలి. గట్టి పచ్చిక నేలకు పొడుగు మేకులు, తడిసి మెత్తబడ్డ పచ్చికకు ఇంకా పొడుగైనవి, టర్ఫుకు పొట్టి రబ్బరు బొడిపెలు, ఇండోరుకు చదునైన అడుగు. “గ్రౌండ్ ఏంటి సార్?” అన్నాడు బూట్లు చూపించే కొట్టు కుర్రాడు. “వరి కోసేసిన చేనండి,” అన్నాడు తండ్రి.

బురద యనగ = దాళ్వా కోతలయ్యాక ఆ చేను రాయిలా గట్టిపడి నెర్రెలిస్తుంది. మోళ్లు గుచ్చుకుంటాయి. తొలకరి పడితే అదే నల్లమట్టి అంటుకుని మడమ వదలదు. సార్వా ఊడ్పులు మొదలయ్యాక అక్కడ ఆటే ఉండదు. ఒకే నేల ఇన్ని రకాలుగా మారుతుందని బూటు చేసినవాడు ఊహించలేదు.

నవ్వె = అపహాస్యమని కొందరి మతం. అది నిలవదు. కుర్రాడిది ముమ్మిడివరం దగ్గర పల్లె. చేను మాట వినగానే ‘సార్’ పోయి ‘బాబాయ్ గారూ’ వచ్చింది. “ఆ బురదలో చెప్పులే ఊడిపోతాయండి, ఇంక బూట్లేం నిలుస్తాయి? వేసవికి రబ్బరు బొడిపెలవి తీసుకోండి. వానొస్తే వట్టికాళ్లే. ఆయ్!” అన్నాడు. కనుక ఇది ఎరిగినవాడి నవ్వు.

తాత్పర్యం: ఆటసామాను కొనడానికి వెళ్లిన తండ్రి దారి తప్పి, తన పొలం ఏ రకం నేలో అక్కడ చెప్పుకోవలసి వచ్చింది. జవాబు డబ్బా మీద దొరకలేదు, ఆ నేలలో ఆడినవాడి దగ్గర దొరికింది.

విశేషాలు: జడమైన బూటు నిలదీయడం సమాసోక్తి. యతి: బం–ప, తా–త, నే–ని, బు–బూ. వట్టికాళ్లకు ప్రమాణం ఉందా అంటే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు మీద మన జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి, 2–1తో ఓడారు. ఆ ఒక్క గోలు సారంగపాణి రామన్‌ది. ఇప్పటి ఆట నియమాల్లో నాలుగోది పాదరక్షలు తప్పనిసరి అంటుంది. దాన్ని జూన్‌లో కోనసీమ చేలో అమలుచేసే రిఫరీ తన బూట్లు ముందు వెతుక్కోవాలి.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి బయల్దేరినవారికి వరుస తప్పదు, బిల్లూ తప్పదు. గాలి పంపు, సూది కూడా కొనాలని గుర్తుకొస్తుంది.